తేనెపెట్టెకు కట్టిన నల్లగుడ్డ

ఇదిగో పిలుస్తాం, అదిగో పిలుస్తాం అంటూ పొద్దుటినుంచి కూర్చోబెట్టారు. సాక్షుల గదిలో ఇనప పొయ్యి భగభగ మండుతోంది. దాని పక్కన కూర్చుంటే మోకాళ్ళు కాలిపోతున్నాయి, కిటికీ పక్కకు జరిగితే వీపు గడ్డకట్టుకుపోతోంది, పోనీ మధ్యలో కూర్చుందామా అంటే అక్కడ ఉమ్మితొట్టి. కెజియా కిటికీనే ఎంచుకుంది. బయట మంచు పడుతూనే ఉంది, వీధిలో బళ్ళ చప్పుడు కూడా వినబడకుండా పడుతోంది. ఒళ్ళో సంచీ. సంచీలో చేతిరుమాలు, కాస్త రొట్టె, ఇంటి తాళంచెవి. తాళంచెవి ఎందుకు తెచ్చుకున్నట్టు? తలుపు తియ్యడానికి ఇంట్లో పనిమనిషి ఉందిగా. అయినా సంచీ మీదనుంచే దాన్ని తడుముతోంది, ఉందా లేదా అని, ఉందని తెలిసి కూడా. గోడకు అవతల కోర్టు. అక్కడ ఆమె తమ్ముడు ఓరిన్ వీలాక్ ప్రాణం తేలుతోంది. గవర్నరును చంపాడు. చంపాడా లేదా అన్నది కాదు విచారణ, జిల్లా సంతలో అంతమంది కళ్ళెదుట కాల్చాడు, కాల్చలేదని తనూ అనలేదు. మతి ఉండి చంపాడా, మతి లేక చంపాడా, ఇదొక్కటే తేలాలి. మతి ఉందంటే ఉరి. లేదంటే పిచ్చాసుపత్రి, బతికినంతకాలం. వాళ్ళ అమ్మా నాన్నా ఇద్దరూ పోయారు కాబట్టి, చిన్నప్పటినుంచి వాణ్ణి ఎరిగిన మనిషి అక్క ఒక్కతే మిగిలింది కాబట్టి, తేల్చే మాట ఆమె నోటినుంచి రావాలట.

ఒక్క మాట! లాయరు థేయర్ గారు ఎంత తేలిగ్గా చెప్పేశాడు. పాపం మంచివాడే, కుర్రవాడు, ఈ కేసు పట్టినందుకు ఆయన ఇంటి కిటికీలు పగలగొట్టారు కూడా. "చట్టం అడిగేది చాలా చిన్న విషయం అమ్మా. తాను చేస్తున్నది ఏమిటో వాడికి తెలిసిందా? అది తప్పని తెలిసిందా? అంతే." అంతేనట. కెజియా ఆ రెండు ప్రశ్నలనూ అంట్లు తోముతూ వేసుకుంది, బట్టలు ఆరేస్తూ వేసుకుంది, ప్రార్థనలో మోకరించి కూడా వేసుకుంది. తెలిసింది. తుపాకీ పేలితే మనిషి చస్తాడని ఓరిన్‌కు తెలియకపోవడమేమిటి? తప్పని కూడా తెలుసు, చిన్నప్పుడు పొరపాటున ఒక తేనెటీగను తొక్కి చంపినందుకు అన్నం మానేసి ఏడ్చినవాడు వాడు. మరి అన్నీ తెలిసినవాడికి మతి ఉన్నట్టే కదా. ఉన్నట్టే. కానీ ఆ తెలిసినవన్నీ ఏ దారిన పోయి ఆ సంతకు చేరాయో చూస్తే, అమ్మో, అది మతి ఉన్నవాడి దారి కాదు. పోనీ మతి లేనివాడి దారా అంటే, ఆ దారిలో సగం దూరం తను కూడా వాడి చెయ్యి పట్టుకుని నడిచింది.

బంట్రోతు టోబీ పిట్కిన్ తలుపు దగ్గర స్టూలు మీద కూర్చుని వేరుశనక్కాయలు వలుచుకుంటున్నాడు. పొట్టునంతా పొయ్యిలోకి విసురుతున్నాడు. ముసలాయన, కోర్టుతో పాటే పుట్టాడేమో అన్నట్టుంటాడు.

"భయపడకండమ్మా," అన్నాడు. "బోనెక్కాక చెయ్యెత్తమంటారు, ఎత్తండి. అడిగినదానికి చెప్పండి. గట్టిగా చెప్పండి, జడ్జిగారికి ఎడమచెవి వినబడదు."

"లోపల జనం ఏమనుకుంటున్నారండీ?"

"ఏమనుకుంటారు. సగం మంది ఇప్పుడే ఉరి తియ్యాలంటున్నారు."

"మిగతా సగం?"

"వాళ్ళూ ఉరే అంటున్నారు గానీ, కాస్త భోంచేశాక అంటున్నారు." ఆయనే నవ్వి, ఆమె మొహం చూసి నాలిక్కరుచుకున్నాడు. "తప్పుగా అనుకోకండమ్మా. నోటిదూల. రెండు కాయలు తింటారా?"

ఆమెకు కోపం రాలేదు. నిజానికి నవ్వొచ్చింది, నవ్వొచ్చినందుకు సిగ్గేసింది. ఆడవాళ్ళు బుట్టల్లో మధ్యాహ్నం తిండి సర్దుకుని వస్తున్నారు ఈ విచారణకు, ముందు వరస దొరకాలని చీకటుండగానే మెట్లమీద నిలబడుతున్నారు, చూశానుగా నిన్న. మా చర్చి ఆడవాళ్ళే. ఓరిన్ తెచ్చిచ్చిన తేనె రొట్టె మీద రాసుకుని తిన్నవాళ్ళే. డాక్టర్లు మాట్లాడిన రోజున మరీ పండగ. మన తరఫు డాక్టరు పెద్ద నగరంనుంచి వచ్చాడు, ఓరిన్ తల చుట్టూ టేపు పెట్టి కొలిచాడట, నోరు తెరిపించి అంగిలి చూశాడట, ఒక చెవి కిందికి ఉంది, ఇది చెడిపోయిన రక్తానికి గుర్తు అన్నాడు. సర్కారు తరఫు డాక్టరు అదే తల మళ్ళీ కొలిచి, ఇలాంటి చెవులు ఈ రాష్ట్రపు చట్టసభలో సగంమందికి ఉన్నాయి అన్నాడు. కోర్టంతా గొల్లుమంది. ఆయనే ఇంకో మాట కూడా చెప్పాడు. హత్యకు బయల్దేరేముందు ఖైదీ వెనక్కి వెళ్ళి కోళ్ళగూడు తలుపు గడియ వేసి వచ్చాడు, నక్క వస్తుందేమోనని. నక్క సంగతి ఆలోచించగలిగినవాడు పిచ్చివాడెలా అవుతాడు? జ్యూరీ తలలూపింది. ఓరి భగవంతుడా, మతి ఎంత ఎగిరిపోయినా మా నాన్న పిల్లలం కోళ్ళగూడు గడియ వేస్తాం. చచ్చాక కూడా లేచి వచ్చి వేస్తాం.

నాన్న. గడ్డికోతల రోజుల్లో పోయాడు, పొద్దున్నే, ఎండ ఇంకా ఎక్కకముందే. అమ్మ కళ్ళు మూసి దుప్పటి కప్పింది, ఏడవలేదు, ముందు ఓరిన్‌ను వెతికింది. "తేనెటీగలకు చెప్పాలి, మగపిల్లాడు చెప్పాలి, ఆలస్యమైతే వెళ్ళిపోతాయి, పోవే, వాణ్ణి తీసుకెళ్ళు," అంది. వాడికి లాగు నిలిచే వయసు కూడా కాదు. ఒక చేత్తో లాగు పట్టుకున్నాడు, ఇంకో చేతిలో ఇంటి తాళంచెవి పెట్టింది కెజియా. ప్రతి తేనెపెట్టెనూ తాళంచెవితో మెల్లగా తట్టాలి. గట్టిగా కాదు, నిద్రపోయేవాళ్ళ తలుపు తట్టినట్టు. తరవాత మాటలు. ఆ మాటలు వాడికి తెలియవు, కెజియా వెనక నిలబడి చెవిలో అందించింది, వాడు పలికాడు. మీ యజమాని పోయాడు. ఇకనుంచి నేను మీ వాణ్ణి. మమ్మల్ని వదిలి పోకండి. చెప్పి చెవి ఆనించి వినాలి. లోపల గుంయ్‌మని పలికితే ఉంటామన్నట్టు. ప్రతి పెట్టే పలికింది. తరవాత నల్లగుడ్డ పేలిక కట్టి, దినానికి చేసిన రొట్టెలో ఒక తునక పెట్టె గుమ్మంలో పెట్టారు. వెనక్కి వస్తూ వాడు అడిగాడు, "అక్కా, నాన్న పోయాడని వాటికి చెప్పాంగా, మరి నాన్నకెవరు చెప్తారు?" ఆ మాట థేయర్ గారికి చెప్పి ఉంటే ఎగిరి గంతేసేవాడు, చిన్ననాడే మతి చలించిందని. కెజియా చెప్పలేదు. వాడు అడిగింది పిచ్చి మాట అని ఆమెకు ఆరోజు అనిపించలేదు, ఇవాళా అనిపించదు.

ఇది మా ఊళ్ళో అందరూ చేసేదే. అదే కదా అసలు బాధ. పుట్టుక చెప్తారు, పెళ్ళి చెప్తారు, చావు తప్పకుండా చెప్తారు. కానీ మొన్న నగరం డాక్టరు "ఖైదీ బాల్యంనుంచి కీటకాలతో సంభాషించేవాడు" అని చదువుతుంటే కోర్టులో ఒక్కరైనా లేచి, అయ్యా మేమూ చేస్తామండీ అన్నారా? అనలేదు. పేపర్లవాళ్ళు రాసుకుంటుంటే, నగరం ఆడవాళ్ళు చేతిరుమాళ్ళ చాటున నవ్వుతుంటే, మనవాళ్ళు తలలు దించుకున్నారు. జ్యూరీలో ఉన్న చలికి చెవి కొరుక్కుపోయిన ఆ రైతు, పై ఊరి ముసలాయన, ఆయన పెరట్లో పెట్టెలున్నాయని కెజియాకు తెలుసు, ఆయన భార్య పోయినప్పుడు వాటికి కట్టిన నల్లగుడ్డలు రోడ్డు మీదికి కనబడ్డాయి. ఆయన కూడా తన బూట్లకేసి చూసుకున్నాడు. ఓరిన్ ఒక్కడే తల ఎత్తి ఉన్నాడు. "అవి జవాబిస్తాయా?" అని డాక్టరు అడిగితే, "ఇస్తాయండీ, గుంయ్‌మంటాయి," అన్నాడు, ఎంత మర్యాదగా అన్నాడో. నవ్వు ఆగడానికి జడ్జి సుత్తి కొట్టాల్సి వచ్చింది.

ఎన్నిస్ చనిపోకపోతే ఇదంతా ఉండేది కాదు. రైలు యార్డులో పనిచేసేవాడు, ఓరిన్ ఇంట్లో అద్దెకుండేవాడు, పెళ్ళీ పెటాకులూ లేని ఇద్దరు మగవాళ్ళు, సాయంత్రం వరండాలో కూర్చుని ఎవరి పొగాకు గొట్టం వాళ్ళు కాల్చుకుంటూ ఒక్క మాటైనా మాట్లాడుకోకుండా గంటలు గడిపేవాళ్ళు. సమ్మె రోజుల్లో గవర్నరు సిపాయిలను పంపాడు. యార్డు గేటు దగ్గర కాల్చారు. ఎన్నిస్ సమ్మెలో ఉన్నాడో లేక భోజనం డబ్బా పట్టుకుని ఇంటికి వస్తున్నాడో ఎవరికీ తెలియదు, డబ్బాకు కూడా చిల్లు పడింది. శవాన్ని ఇవ్వబోమన్నారు. ఓరిన్ యార్డు చుట్టూ, ఆసుపత్రి చుట్టూ, కచేరీ చుట్టూ తిరిగి తిరిగి, తెచ్చుకుని, పూడ్చి, ఇంటికొచ్చేసరికి ఈగలకు చెప్పడం మరిచిపోయాడు. జీవితంలో మొదటిసారి మరిచాడు. వేసవి మధ్యలో పెట్టెలన్నీ ఖాళీ అయ్యాయి. ఇలా వేసవిలో గుంపు లేచిపోవడం మామూలేనని ఆల్ఫియస్ అన్నాడు, కెజియా భర్త, చర్చిలో సంఘపెద్ద, తేనెటీగల గురించి ఏమీ తెలియకపోయినా అన్నీ తెలిసిన మనిషి. ఓరిన్ ఖాళీ పెట్టెల మధ్య నిలబడి, "చెప్పలేదక్కా, ఒక మనిషి పోతే చెప్పలేదు, అందుకే పోయాయి," అన్నాడు. ఆమె ఏమంది? అవునురా అంది. అవుననే అంది. ఆమె కూడా అదే నమ్మింది మరి.

ఆ తరవాత వాడి ఆలోచన ఎటు పోయిందో ఆమెకు ముక్కలుగానే తెలుసు. చెప్పని చావు ఒకటి గాలిలో ఉండిపోయిందన్నాడు. దానికి జోడు చావు ఒకటి చెప్తే తప్ప ఈగలు తిరిగి రావన్నాడు. అది ఎవరి చావో అనలేదు, తనమీద తనకే కోపమనుకుంది. యాపిల్ కోతల ముందు చూడబోతే ఖాళీ పెట్టెలకు నల్లగుడ్డలు కట్టి ఉన్నాయి, కొత్త గుడ్డ, అంచు కుట్టి మరీ. "ఎన్నిస్‌కా?" అంది. "ఆలస్యం కాకూడదక్కా," అన్నాడు. ఆలస్యంగానైనా చెప్పుకుంటున్నాడు పిచ్చిసన్నాసి, మనసు తేలికపడుతుందిలే అనుకుని ఆమె యాపిల్ బుట్ట అక్కడ పెట్టి ఇంటికొచ్చేసింది. ఆ నెల తిరక్కుండానే సంత. గవర్నరు పోటీకి పెట్టిన తేనెల బల్ల దగ్గర ఆగి చెంచాతో రుచి చూస్తున్నాడు. ఓరిన్ ఎదురుగా వెళ్ళి కాల్చాడు. తరవాత పారిపోలేదు. తుపాకీ బల్ల మీద పెట్టి, జేబులోంచి ఇంటి తాళంచెవి తీసి, పట్టుకున్నవాళ్ళతో, "ఒక్కసారి ఇంటికెళ్ళి చెప్పొస్తానండీ, తరవాత మీ ఇష్టం," అన్నాడు. పారిపోవాలని చూశాడు అని రాసుకున్నారు పోలీసులు. అప్పుడు, ఆ మాట విన్నాక గానీ, ఆ నల్లగుడ్డలు ఎవరి కోసమో కెజియాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక వంటింట్లో నేలమీద కూర్చుండిపోయింది.

ఆ గుడ్డల సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్తే థేయర్ గారు చూడండి ఎంత పిచ్చో అంటాడు, సర్కారు లాయరు గ్రాంజర్ చూడండి ఎంత ముందునుంచి పన్నాడో అంటాడు. అంచు కూడా కుట్టాడు అంటాడు. ఒకే గుడ్డ, దాంతో వాణ్ణి కప్పనూ వచ్చు, ఉరి తియ్యనూ వచ్చు.

"అక్కగారూ," టోబీ పిట్కిన్ తలుపు సందులోంచి చూసి వచ్చాడు. "చెవులాయన మళ్ళీ మాట్లాడుతున్నాడు. ఇంకాస్త పడుతుంది."

ఇంకాస్త. పట్టనీ. ఎంత పడితే అంత మంచిది. థేయర్ గారికి ఆమెనుంచి కావలసింది ఈగలు ఒక్కటే కాదు, రక్తం. పిచ్చి రక్తంలో వస్తుందట, తరంనుంచి తరానికి. మేనత్త ప్రూడెన్స్ సంగతి ఎలాగో కూపీ లాగాడు. చివరి రోజుల్లో మంచులో చెప్పుల్లేకుండా తిరిగేది, అందరినీ తన తల్లి పేరు పెట్టి పిలిచేది. ముసలితనం అనుకున్నాం మేము. "అది చాలదమ్మా, ఒక్క మేనత్తతో రక్తం వాదన నిలవదు. కానీ ఉన్నదాంతోనే లాగాలి," అన్నాడు. "ఒకటి గుర్తుంచుకోండి. చివర గ్రాంజర్ తప్పకుండా అడుగుతాడు, అదే రక్తం మీలోనూ ఉంది కదా, మీకు పిచ్చా అని. మీరు తడబడకూడదు. దేవుడి దయవల్ల నన్ను వదిలేసింది అనండి." అదే ప్రశ్నకు ఆల్ఫియస్ ఇచ్చిన జవాబు ఇంకా చిన్నది. రాత్రి భోజనాల దగ్గర, మాంసం కోస్తూ, తల ఎత్తకుండా అన్నాడు. "లేదు అను. ఒక్క మాట. దానిమీద ఇంకొక్క మాట కూడా వద్దు." ఉప్పు అందుకుంటూ, "క్రేన్ గారి భార్య ఎలా ఉందో తెలుసా? చూడ్డానికి కూడా పంపడంలేదట," అన్నాడు. అంతే, మళ్ళీ మాంసం కోసుకున్నాడు. క్రేన్ గారి భార్య బైబిలు తరగతిలో పాస్టరుకు ఎదురు మాట్లాడింది. భర్త సంతకం పెట్టాడు, ఇద్దరు డాక్టర్లు సంతకం పెట్టారు, పిచ్చాసుపత్రి బండి వచ్చింది. ఈ దేశంలో మగవాడికి పిచ్చి ఉందని తేల్చడానికి జడ్జి కావాలి, జ్యూరీ కావాలి, చెవులు కొలిచే నిపుణులు కావాలి. ఆడదానికి మొగుడు చాలు.

మరి ఓరిన్ ఏమంటాడు? జైల్లో చువ్వల వెనకనుంచి ఆమె చేతివేళ్ళు పట్టుకుని, "నన్ను పిచ్చోణ్ణి చెయ్యకక్కా," అన్నాడు. "నీకు దణ్ణం పెడతా. పిచ్చోడు కాల్చాడంటే ఎన్నిస్ ఊరికే చచ్చినట్టేగా. ఆ గేటు దగ్గర చచ్చినోళ్ళందరూ ఊరికే చచ్చినట్టేగా. ఒక్కళ్ళైనా అడిగారని ఉండాలి కదే."

"అడగడానికి వేరే దారే దొరకలేదట్రా నీకు? ఆయనకూ పెళ్ళాం పిల్లలు ఉన్నారు!" అని అరిచింది కెజియా, జైలని కూడా చూడకుండా.

వాడు ఆమె వేళ్ళు వదల్లేదు. "వాళ్ళ పెరట్లో పెట్టెలున్నాయా?" అన్నాడు. "ఎవరైనా చెప్పారంటావా?"

ఏం చెయ్యాలి వీణ్ణి? కొట్టాలా, ఒళ్ళోకి తీసుకోవాలా? మొదటి మాట విన్నవాడు ఉరి తియ్యండి అంటాడు, రెండో మాట విన్నవాడు వదిలెయ్యండి పాపం అంటాడు, రెండూ ఒకే గుక్కలో అన్నాడు మనవాడు. వాడు చేసింది ఘోరం. ఆ గవర్నరు భార్య నల్లబట్టల్లో వచ్చి కూర్చుంటే కెజియా అటు చూడలేకపోయింది. అయినా వాణ్ణి ఉరికొయ్య కింద ఊహించుకోవడం ఆమెవల్ల కాదు. వాడు బతకాలి. ఎవరేమనుకున్నా సరే, వాడే ఏమనుకున్నా సరే, బతకాలి, ఏ గోడల వెనకైనా సరే, పొద్దున లేచి కిటికీలోంచి వాన పడుతోందో లేదో చూసుకునేలా. కెజియాకు కావలసింది అంతకంటే ఏమీ లేదు.

ఇంక ఈ పొద్దున. దాన్ని ఎంతసేపు పక్కకు నెట్టినా అదే మళ్ళీ వచ్చి ఎదురుగా కూర్చుంటోంది. ఆల్ఫియస్ గడ్డం గీసుకుంటున్నాడు, గుర్రాన్ని కడుతున్నారు. ఇంటి వెనక ఆమె పెట్టె ఒకటుంది, పెళ్ళయి వచ్చేటప్పుడు నాన్న పెట్టెల్లోంచి తెచ్చుకున్న సంతు, ఓరిన్ ఈగలన్నీ పోయినా ఇవి మిగిలాయి. ఊరెళ్తున్నానని చెప్పి వద్దామని వెళ్ళింది, అంతే, ప్రమాణంగా అంతే. మంచు చేత్తో తుడిచింది. తాళంచెవితో తట్టింది. తట్టి నోరు తెరిస్తే, ఊరెళ్తున్నాను అన్న మాట రాలేదు. మీ యజమాని పోయాడు అని వచ్చింది. ఓరిన్ వీలాక్ పోయాడు, ఇకనుంచి నేనే మీ దాన్ని, వదిలి పోకండి. చెప్తూ చెప్తూ తన గొంతు తనే వింది, మామూలుగా ఉంది గొంతు, కూర సంగతి చెప్తున్నట్టు. పాత లంగా లోపలి నల్ల అస్తరు పర్రుమని చింపింది, కట్టింది, ముడి వేసింది. చెవి ఆనించింది. చలికాలం కదా, అవన్నీ ఒక ముద్దగా చేరి ఉంటాయి, మామూలుగా అయితే వినబడనే వినబడదు. అప్పుడు ఆల్ఫియస్ పిలిచాడు. తాళంచెవి సంచీలో వేసుకుని బండెక్కింది. సగం దారి వచ్చాక గానీ తనేం చేసిందో తెలిసిరాలేదు. బతికున్నవాడికి చావుకబురు చెప్పి వచ్చాను. వాడు చేసిందీ ఇదేగా, అచ్చం ఇదే. వాడు ఆ తరవాత తుపాకీ తీసుకున్నాడు, నేను సంచీ తీసుకున్నాను. నాకు మతి ఉందా? ఉన్నట్టే ఉంది. బండి చక్రం కీచుమంటోందని, నూనె వెయ్యాలని కూడా తోచింది. వాడికీ కోళ్ళగూడు తోచింది. దుఃఖం ఎక్కడ ఆగుతుంది, పిచ్చి ఎక్కడ మొదలవుతుంది? మధ్యలో గట్టు ఎక్కడైనా ఉందా? ఆ టేపు పట్టుకున్న డాక్టరు చూపించగలడా?

"కెజియా బార్లో!" లోపలినుంచి కేక. టోబీ పిట్కిన్ ఒళ్ళోని పొట్టు దులుపుకుని లేచాడు. "పదండమ్మా. మెట్టు ఎత్తుగా ఉంటుంది, చూసుకోండి." మెట్టు నిజంగానే ఎత్తుగా ఉంది. చెయ్యెత్తింది. నిజమే చెప్తానంది, నిజం తప్ప ఇంకేమీ చెప్పనంది. ఇన్ని మొహాలు ఒక్కసారి తనవైపు తిరగడం ఆమె ఎన్నడూ చూడలేదు, పెళ్ళినాడు కూడా. ముందు వరసలో ఆల్ఫియస్, ఒళ్ళో టోపీ, టోపీ మీద రెండు చేతులు. అటువైపు ఓరిన్, చిక్కిపోయాడు, కాలరు మెడకు వదులైపోయింది. ఎవరు ఉతుకుతున్నారో ఆ కాలరు. థేయర్ గారు అడిగినవి అడిగాడు. నాన్న చావు చెప్పింది, తాళంచెవి చెప్పింది, ప్రూడెన్స్ అత్త మంచులో తిరగడం చెప్పింది. కీటకాలతో మాట్లాడేవాడా అంటే, మాట్లాడేవాడండీ అంది. జ్యూరీలో చెవి కొరుక్కుపోయిన ముసలాయన బూట్లకేసి చూసుకుంటున్నాడు. ఓరిన్ ఆమెకేసి చూడటం మానేశాడు. అలా చూడటం మానేస్తే ఎంత నొప్పిగా ఉందో ఆమెకే తెలుసు. తరవాత గ్రాంజర్ లేచాడు. పెద్దమనిషి, వెండి జుట్టు, తేనె పూసిన గొంతు.

"మీ మేనత్తలో ఉందన్నారు. మీ తమ్ముడిలో ఉందంటున్నారు. ఆ రక్తమే మీలోనూ పారుతోంది కదమ్మా?"

"అవునండీ."

"మీరు ఇల్లు చక్కదిద్దుకుంటారు. చర్చికి వెళ్తారు. మీ భర్త సంఘపెద్ద. నేనొక్కటే అడుగుతాను, అవునో కాదో చెప్పి దిగిపోండి. మీకు పిచ్చా?"

ఇది ఆ ప్రశ్న. కోర్టులో మిఠాయి చప్పరిస్తున్నవాళ్ళు కూడా ఆపారు. ఆల్ఫియస్ పెదవులు కదిలాయి, లేదు అన్నట్టు, పసిపిల్లకు నేర్పినట్టు. థేయర్ గారి పెదవులు కూడా కదిలాయి, దేవుడి దయవల్ల అన్నట్టు. లేదు అంటే ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఆ పెట్టెకున్న గుడ్డ విప్పేస్తే ఎవరికీ తెలియదు. వాడు ఉరితాడుకు వేలాడాక మళ్ళీ కట్టుకోవచ్చు, అప్పుడు ఎవరూ నవ్వరు. ఈ ఆలోచన వచ్చాక ఆమెకు ఇంక భయం వెయ్యలేదు.

"నాకు తెలియదండీ," అంది. జడ్జికి ఎడమచెవి వినబడదని గుర్తొచ్చి గొంతు పెంచింది. "ఈ పొద్దున మా ఈగలకు చావుకబురు చెప్పి వచ్చాను."

గ్రాంజర్ చిరునవ్వు నవ్వాడు. "అయ్యో పాపం. ఎవరు పోయారు?"

"మా తమ్ముడు."

"మీ తమ్ముడు అదిగో కూర్చున్నాడు కదమ్మా."

"కూర్చున్నాడండీ. కనబడుతూనే ఉన్నాడు. అయినా చెప్పాను. గుడ్డ కూడా కట్టాను, వెళ్తే చూడొచ్చు, మా ఇంటి వెనకే. ఆలస్యమైతే అవి వెళ్ళిపోతాయి కదండీ."

ఎక్కడో వెనక ఒక ఆడమనిషి నవ్వబోయి మింగేసింది. గ్రాంజర్ నోరు తెరిచి, జ్యూరీ వైపు చూసి, అడగకూడనిది అడిగానని అప్పుడు తెలిసినవాడిలా మూసేశాడు. చెవి కొరుక్కుపోయిన ముసలాయన తల ఎత్తి ఆమెకేసి సూటిగా చూస్తున్నాడు. ఆల్ఫియస్ లేచాడు, టోపీ పెట్టుకున్నాడు, కోర్టులో టోపీ పెట్టుకోకూడదని బంట్రోతు అంటున్నా వినిపించుకోకుండా నడవలోంచి నడిచి వెళ్ళిపోయాడు. ఎక్కడికి వెళ్తున్నాడో, ఎవరి సంతకాల కోసమో ఆమెకు తెలుసు. తెలిసి కూడా ఆమె అటు చూడలేదు. ఓరిన్ లేచి నిలబడ్డాడు. పక్కనున్న పోలీసు భుజం పట్టి లాగుతున్నా నిలబడే ఉన్నాడు. కోపం లేదు వాడి మొహంలో. గేటు, సిపాయిలు, గవర్నరు, ఎన్నిస్, ఏమీ లేవు. నాన్న పోయిననాటి మొహం అది.

"అక్కా," అన్నాడు, కోర్టంతా వినేలా. "తాళంచెవితోనే తట్టావా?"

సుత్తి మోగింది. కెజియా సంచీ తెరిచి తాళంచెవి తీసి వాడికి కనబడేలా పైకెత్తి పట్టుకుంది.

"తాళంచెవితోనేరా," అంది. "పలికాయి కూడా."